షెడ్డు నేల, అడ్డు చెప్పని మనిషి

మా కారు షెడ్డు ఎంత నడిచినా తరగడం లేదు, ఒక కారూ ఒక స్కూటరూ నా ఊరగాయ జాడీలూ పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన షెడ్డు ఇప్పుడు గోదావరి బ్యారేజీ అంత పొడుగు సాగిపోయింది, పైన రేకులుండాల్సిన చోట పలచని మబ్బు ఉంది, కింద మాత్రం అవే నల్లటి కడప రాళ్లు, ఆ చివర ముక్కాలి పీట వేసుకుని మా ఆయన కూర్చుని ఉన్నారు, పోయి రెండేళ్లయిన మనిషి, ఇప్పుడే బజారునుంచి వచ్చినట్టు చొక్కా పై గుండీ విప్పుకుని.

"ఏవండీ, ఎంతసేపయింది వచ్చి?"

"నువ్వు నడుస్తుంటే చూస్తున్నా. ఇంకా ఆ ఎడమకాలు ఈడుస్తున్నావేంటి వకుళా?"

ఏడవడానికి తీరిక లేదు, ఎల్లుండి కారు వస్తోంది, వాన జల్లు పడితే ఈ రాళ్లు జారతాయి, వీటి మీద ఏం వేయించాలో సాయంత్రంలోగా టైల్స్ కొట్టతనికి చెప్పాలి, అదేమిటో నాకు తేలడం లేదు, కలలోకి వచ్చినా ఈ పని నన్ను వదలడం లేదు.

"కారు కొన్నానండీ," అంటాను, ఆయన జేబులోంచి చిల్లర తీసి దొరికిపోయినదానిలా.

"నడపడం ఎవరు నేర్పారు?"

"నేర్పుతా నేర్పుతా అని మీరు వెళ్లిపోయారు. డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మా మాస్టారు అచ్చం మీలాగే అరుస్తాడు. కాకపోతే ముందు 'అమ్మగారూ' అని, తర్వాత అరుస్తాడు."

ఆయన నవ్వుతారు, నవ్వుతుంటే మబ్బు కాస్త పక్కకి జరుగుతుంది, షెడ్డు గోడలు మెల్లగా టైల్స్ కొట్టు గోడలైపోతాయి, చుట్టూ టైల్స్ పెళ్లిపందిట్లో చుట్టాల్లా వరసగా నిలబడి, ఎవరిని పిలుస్తారా అని మమ్మల్నే చూస్తుంటాయి.

"రబ్బరు మ్యాట్ వేయిద్దామనుకుంటున్నా. చుట్ట విప్పి పరిచేయడమే."

"వేయించు."

నేను ఆగిపోతాను. కాపురానికొచ్చాక కొన్న మొదటి కర్టెన్ల దగ్గర్నుంచీ ఈ మనిషి నా మాటకి ఒక్కసారి ఊఁ అన్న పాపాన పోలేదు, నేను ఆకుపచ్చ అంటే నీలం అనేవారు, ఆయన నీలం అన్న క్షణంలోనే నాకు ఆకుపచ్చే కావాలని గట్టిగా తెలిసేది, మా ఇంట్లో చెంచా కూడా పోట్లాట లేకుండా గడప దాటి లోపలికి రాలేదు.

"రబ్బరుకి వాసనండీ. ఎండాకాలం తలనొప్పి."

"అయితే మానెయ్."

"అమ్మాయి ఆ ఎపాక్సీ రంగు పూయించమంటోంది. ఆసుపత్రి నేలలా నిగనిగలాడుతుందట."

"అమ్మాయి చెప్పిందంటే బాగానే ఉంటుంది."

"ప్రణీత చెప్పింది మీరెప్పుడు విన్నారు?"

"ఇప్పుడు వింటున్నాగా."

చచ్చిపోతే మనిషి ఇంత మంచివాడైపోతాడని నాకెవరూ చెప్పలేదు. హాల్లో దండ వేసి ఉన్న ఫొటో కూడా ఇంతే, ఏం అడిగినా అదే చిరునవ్వు, అలాంటి ఫొటో ఒకటి ఇంట్లో ఉండగా ఇంకొకటి చూడ్డానికా ఇంతదూరం నడిచొచ్చింది? ఉండబట్టలేక పాత గొడవ తవ్వుతాను.

"ఈ కడప రాళ్లు పాలిష్ పెట్టించి మరీ వేయించింది ఎవరు? దసరాకి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది ఎవరు? ఆ పులుపు రాయిని తెల్లగా తినేస్తే, ఇత్తడి బిందె తోమినట్టు మళ్లీ పుల్లటి చింతపండే పెట్టి తోమింది ఎవరు? బీయస్సీ కెమిస్ట్రీ చదివిన పెళ్లాం ఇంట్లో ఉందే, ఒక్కమాట అడిగారా? గోళీకాయంత మచ్చని గారె అంత చేశారు!"

బతికుండగా అయితే అది రాయి చేసిన తప్పు, రాళ్ల కొట్టువాడి తప్పు, చివరికి నిమ్మకాయలు ఏరి తెచ్చిన నా తప్పు అయ్యేది.

"నిజమే. నాదే పొరపాటు," అంటారు.

"అలా అనకండి!" నా గొంతు కొట్టంతా ఖంగుమంటుంది. "ఒక్కసారి కాదనండి. మీరు కాదంటే గాని నాకేం కావాలో నాకు తెలీదండీ. రెండేళ్లుగా అందరూ 'మీ ఇష్టం, మీ ఇష్టం' అంటున్నారు. ఆ ఇష్టం ఎక్కడుందో వెతుక్కోవడానికే మీరు కావాలి."

ఆయన తన కాళ్లకేసి చూసుకుంటారు, నేనూ చూస్తాను, పాదాలకీ రాతికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది.

"మాకు నేల తగలదు వకుళా. దేని మీద నిలబడ్డా ఒకటే. ఏమని చెప్పను?"

నాకు ఊరికే ఒక దుర్బుద్ధి పుడుతుంది.

"సరే అయితే. అద్దంలా మెరిసే టైల్స్ వేయిస్తా. ముదురు గులాబీ రంగు. మధ్యలో నెమలి."

నేను అంటుండగానే రాళ్లు గులాబీ రంగు తిరిగి, నా పాదాల కింద నెమలి పింఛం విప్పుతుంది. ఆయన కనుబొమల మధ్య గీత ఒకటి లేస్తుంది. ఆ గీత కోసం ఎంత మొహం వాచిపోయానో.

"షెడ్డుకా?"

"షెడ్డుకే."

"నెమలా?"

"జంట నెమళ్లు. మీరన్నాక ఇప్పుడే తోచింది."

"నీకు డిగ్రీ ఇచ్చినవాళ్లననాలి! కారు నిలిపే చోటా అది, పెళ్లికూతుర్ని కూర్చోబెట్టే చోటా? దిగు ముందు."

"దిగను." ఇంకో అడుగు వేస్తాను.

"వకుళా, వద్దు! పడితే లేపడానికి అక్కడెవరున్నారే?"

ఆ మాట తగిలి కాలు జారుతుంది, పీట తన్నేసిన చప్పుడు, ఆ వెంటనే నేల మీద దబదబమంటూ పాదాల చప్పుడు, నిజమైన బరువున్న పాదాలు, నా ఎడమ మణికట్టు ఆయన గట్టి పట్టులో పడుతుంది.

"వద్దన్నానా! గరుకుది వేయించు. బూడిద రంగు. అందంగా లేకపోతే పీడాపోయె."

"గరుకుదే," అంటాను రొప్పుతూ, "కానీ బూడిద రంగు కాదు, ఇటుక రంగు." అంటుండగానే తెలుస్తుంది, అవును, ఇటుక రంగే, వారంగా నాకు కావలసింది అదే.

"ఇటుక రంగేంటి నీ మొహం, మట్టి కనపడదనా? మనం అసలు..."

ఆయన వాదిస్తున్నారు, గుండీ ఊగిపోయేలా వాదిస్తున్నారు, కొట్టు పలచబడుతోంది, గోడల్లోంచి వెలుగు వస్తోంది, నేను మాత్రం, కానివ్వండి, ఆపకండి, ఇంకా తిట్టండి, చెయ్యి మాత్రం వదలకండి, అనుకుంటూనే ఉన్నాను.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం ఎండ సోఫా మీదకి జరిగి ఉంది. పక్కన ఫోన్ మోగుతోంది, టైల్స్ కొట్టతను. ఏం చెప్పాలో నాకు తెలుసు. కానీ ఫోన్ తీయడానికి చెయ్యి ఖాళీగా లేదు. నా ఎడమ మణికట్టుని నా కుడిచెయ్యే బిగించి పట్టుకుని ఉంది, ఒక్కో వేలే తీసి చూస్తే, కింద చర్మం కంది ఎర్రగా గుర్తులు. మళ్లీ వాటి మీదే వేళ్లు ఆనించి, ఫోన్‌ని ఇంకాసేపు మోగనిచ్చాను.