గోడకు నేను పెట్టిన కన్నం

ఆ ఏడు సరిగ్గా గోధుమ కోతల రోజుల్లో కిరాయి దండు మా లోయలోకి దిగింది. కింది ఊళ్ళో వాళ్ళేం చేశారో గాడిదల మీద పారిపోయి వచ్చినవాళ్ళు చెప్పారు. విన్నాక మా రోక్కాసెర్రలో ఎవరికీ రొట్టె గొంతు దిగలేదు.

మా ఊరు కొండ కొమ్మున ఉంది. అంచు ఇళ్ళ వెనక గోడలే ఊరికి కోటగోడ. మాదీ అంచు ఇల్లే. పెద్దలు వచ్చి వెనక కిటికీలన్నీ రాళ్ళతో, సున్నంతో మూయించారు. "గోడకు కన్నం పెట్టినవాళ్ళకి ఊళ్ళో ఇల్లుండదు" అని చాటించారు. ఊరికి గుమ్మం ఒక్కటే. దాన్ని మూసే పని మా ఆయన బెంచివెన్నిది.

మధ్యాహ్నం చర్చి గంట ఆగకుండా మోగింది. పొలాల్లోంచి జనం పడుతూ లేస్తూ ఎక్కి వచ్చారు. రానివాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో మా అత్త దియాంబ్ర ఒకతె. పరిగె ఏరుకొస్తానని పొద్దున్నే దిగింది, వద్దంటే వినలేదు. ఆవిడవి నొప్పుల మోకాళ్ళు.

నేను గుమ్మం దగ్గరికి పరిగెత్తేసరికే తలుపుకి అడ్డంగా గడియమాను పడిపోయింది.

"మీ అమ్మ బయటుంది!" అన్నాను.

"తెలుసు." ఆయన నా వైపు చూడలేదు. "గుర్రాలు రెండో మలుపు దాటాయి. తలుపు తీస్తే ఊరంతా పోతాం." గడియమాను మీంచి ఆయన చేతులు తియ్యలేదు.

ఇంటికొచ్చి కూలబడ్డాను. అప్పుడు గోడ అవతలినుంచి వినిపించింది.

"ఒసేయ్ వెర్దియానా! చచ్చావా, బతికే ఉన్నావా?"

మేకల దారిన వచ్చి మా గోడ కింద చేరింది ముసల్ది. పక్కింటి తెస్సా కూడా ఉన్నట్టుంది, ఏడుపు వినపడుతోంది.

చాటింపు గుర్తొచ్చింది. అయినా గునపం తీశాను. కిటికీ సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్కో రాయి ఊడుతుంటే ఆ చప్పుడు ఊరంతా వింటోందనిపించింది. మనిషి పట్టేంత కన్నం కాగానే చేంతాడు మంచం కోడుకి కట్టి కిందికి వదిలాను.

"ముందు దీన్ని లాగు," అంది అత్త, తాడు తెస్సా నడుముకి చుడుతూ.

"నువ్వు రా అత్తా! అది కుర్రది, ఆగుతుంది."

"నన్ను లాగడం నీ ఒక్కదాని తరమా? పెళ్ళైనప్పటినించీ నీళ్ళ బిందె ఎత్తలేక మూలుగుతున్నావు. ఇద్దరైతే లాగుతారు. కానీ!"

తెస్సాని లాగేసరికి అరచేతులు చీరుకుపోయాయి. తరవాత ఇద్దరం కలిసి అత్తని లాగాం. ఆవిడ నడుము కన్నం దాకా వచ్చిందో లేదో, కింద గులకరాళ్ళు కదిలాయి.

ఒకడు గుర్రాన్ని చేత్తో నడిపించుకుంటూ మేకల దారిన వచ్చాడు. అత్తని లోపలికి ఈడ్చి తొంగి చూశాను. వాడు బాణం ఎక్కుపెట్టలేదు, అరవలేదు. తాపీగా వేలెత్తి గుమ్మం బురుజునించి కప్పులు లెక్కపెట్టాడు.

"ఏడో ఇల్లు," అన్నాడు, అచ్చం మా యాసలో. నన్ను చూసి నవ్వి వెనక్కి తిరిగాడు.

తెస్సా నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకే. పెట్టె అడ్డం పెట్టేద్దాం. తెలిస్తే మిమ్మల్ని వెళ్ళగొడతారు. ఆ దండులోకే వెళ్ళగొడతారు!"

పెట్టె అడ్డం పెడితే వాళ్ళు ఎంతసేపట్లో తోసేస్తారు? లేచి గుమ్మం దగ్గరికి పరిగెత్తాను.

బెంచివెన్నికి అందరి ముందే చెప్పాను. "మన గోడకి కన్నం పెట్టాను. దండువాడొకడు చూశాడు." "అమ్మ?" అన్నాడు. "లోపలుంది," అన్నాను. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఆరుగురిని వెంటేసుకుని పరిగెత్తాడు.

పొద్దు వాలేలోగా వచ్చారు. నిచ్చెన కొస మా గోడని గీరిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. మగవాళ్ళు కన్నంలోంచి దూలంతో నిచ్చెనని తోశారు. నేనూ తెస్సా మరిగే నీళ్ళు అందించాం. రెండోసారి వేసిన నిచ్చెన మీద ఒకడి చెయ్యి కన్నంలోకి వచ్చింది. గునపంతో కొట్టింది నేనే. కింద పడుతూ వాడు అమ్మని పిలిచాడు. అదే యాస. బెంచివెన్ని భుజంలో బాణం దిగింది.

నాలుగో రోజు పైరంతా తగలబెట్టి వెళ్ళిపోయారు. అత్తా తెస్సా కాక బయట చిక్కుకుపోయిన పదకొండు మందిలో ముగ్గురే తిరిగొచ్చారు.

పెద్దలు విచారణ పెట్టారు. నేనొచ్చి చెప్పకపోతే ఊరు మిగిలేది కాదన్నారు కొందరు. కన్నమే లేకపోతే చెప్పాల్సిందే లేదన్నారు, బయట మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు. చివరికి ఊళ్ళో ఉండనిచ్చారు, ఇల్లు మాత్రం తీసేసుకుని కాపలావాళ్ళకిచ్చారు. మేం ముగ్గురం తెస్సా వాళ్ళ పొయ్యి గదిలోకి మారాం.

ఒకరోజు అత్త తన భుజానికి కట్టు కడుతుంటే బెంచివెన్ని మెల్లగా అడిగాడు. "అమ్మా, నామీద కోపమా?"

"ఎందుకురా? గుమ్మం మూసేవాడివి, మూశావు," అంది అత్త. "కట్టు బిగుతైందా?"

ఆ తరవాత నాలుగేళ్ళు బతికింది. కొడుకుని ఒక్క మాటా అనలేదు. కానీ పండగ ఊరేగింపుకి కూడా, ఎంత బతిమాలినా, వాడు మూసిన ఆ గుమ్మం మళ్ళీ దాటలేదు.