పాఠంలో తవ్విన బావి

ఆ ఊళ్ళో మాస్టారు అంటే ఆయనొక్కడే. మిగతావాళ్ళంతా ఉద్యోగానికొచ్చి, బదిలీ రాగానే పెట్టె సర్దుకుని పోయినవాళ్ళు. ఈయన మాత్రం ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే బడిలో, ఒకే మూడో తరగతి గదిలో పాతుకుపోయాడు. ఊళ్ళో సగంమంది చెవులు ఆయన మెలిపెట్టినవే. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా వీధిలో కనబడితే చాలు, మీసాలు నెరిసినవాళ్ళు కూడా లుంగీ కిందికి దించి పక్కకు తప్పుకుంటారు.

అంతటి మనిషి ఒక అబద్ధం రాశాడు. మహా అయితే మూడు వాక్యాలు. ఎవరి కొంపా ముంచాలని రాసింది కాదు, బద్ధకంతో రాసింది. బద్ధకంతో చేసిన తప్పుకి శిక్ష తక్కువుంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఈ మాస్టార్ని చూడలేదన్నమాట.

సంగతేమిటంటే, నలభై ఏడేళ్ళ కిందట పై ఆఫీసు నుంచి కాగితమొచ్చింది. ప్రతి బడీ తన ఊరి మీద ఒక పాఠం రాసుకోవాలి, అందులో ఎల్లలూ, చరిత్రా, జనాభా ఉండాలి, వారం గడువు. ఎల్లలదేముంది, తూర్పున గుట్ట, పడమర వాగు, దక్షిణాన రైలుకట్ట, ఉత్తరాన తోపు. జనాభా కావాలంటే ఊరి ఆఫీసులో గుమస్తా పుస్తకం తిరగేసి మూడు వేల నూట పన్నెండు అన్నాడు. ఆ వారమే మాస్టారికి కూతురు పుట్టింది. ముచ్చటపడి ఆ పిల్లని కూడా కలిపి పదమూడు చేశాడు. చరిత్ర దగ్గరకొచ్చేసరికి బండి ఆగిపోయింది.

వాగు అవతల బావులు తవ్వే ముసలాయన ఉన్నాడు, ఈ ఊరికి మొదటి బావి తవ్వింది వాళ్ళేనట, వెళ్ళి అడగండి అన్నాడు గుమస్తా. మాస్టారు బయల్దేరాడు కూడా. ముందురోజు వాన కురిసింది. వాగు గట్టు దాకా వెళ్ళి, అవతలి బురద చూశాడు, తన కాళ్ళకున్న కొత్త బూట్లు చూసుకున్నాడు. చూసుకుని వెనక్కి వచ్చేశాడు. ఇంటికొచ్చి, వేడివేడిగా టీ తాగి రాసి పారేశాడు: "పూర్వం ఒక వర్తకుడు దాహంతో వచ్చి, నాలుగు దారులు కలిసే చోట బావి తవ్వించెను. ఆ బావి చుట్టూ మన ఊరు వెలసెను. కాలక్రమమున ఆ బావి పూడిపోయెను."

ఆ మూడో వాక్యం ఉందే, అది మాత్రం మహా తెలివిగా రాశాడు. బావేదండీ అని ఎవడూ అడక్కుండా.

ఒకే ఒక్కసారి ఎవరో పిల్ల లేచి అదేదో తప్పంది. మాస్టారు ఆ పిల్లని బెంచీ ఎక్కించాడు. ఎవరి పిల్లో, ఏమందో ఆయనకిప్పుడు గుర్తులేదు. బెంచీ ఎక్కినవాళ్ళని లెక్కపెట్టుకునే అలవాటు ఆయనకెక్కడిది? పాఠం మాత్రం ఊరందరి నోటికీ ఎక్కింది. తండ్రులు చదివారు, కొడుకులు చదివారు, అందరిదీ అదే రాగం.

ఇన్నాళ్ళకి ఊరి కౌన్సిలుకి సరదా పుట్టింది. ఊరు పుట్టిన చోట రాతి స్తంభం నిలబెట్టాలట. ఊరు పుట్టిందెక్కడ? ఇంకెక్కడ, పాఠంలో ఉందిగా, నాలుగు దారులు కలిసే చోట. అక్కడ ఖాళీ ఏదీ? మూల మీద కత్తెరమ్మ కొట్టుంది.

కత్తెరమ్మంటే ఊరి దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టు గుమ్మంలో మిషను తొక్కుతోంది. కొట్టు వెనక గదిలోనే కాపురం, ఆ గదిలోనే మొగుడు ఆరేళ్ళుగా మంచంలో ఉన్నాడు. కౌన్సిలు వాళ్ళు సంత వెనక గోడవారన చోటిస్తామన్నారు. అక్కడికి కుక్క కూడా పని ఉంటే తప్ప వెళ్ళదు. అయినా కత్తెరమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదట. మొదటి బావి చోటు కదా, మనం కాదనకూడదు అందట. ఈ సంగతి మాస్టారు మంగలి కుర్చీలో, సగం గడ్డం సబ్బుతో ఉండగా విన్నాడు.

రెండ్రోజులు ముద్ద మింగుడు పడలేదు. మూడోరోజు భార్య కంచం పక్కకు లాగి, ఏమిటో చెబుతారా చెప్పరా అని నిలదీసింది. చెప్పాడు. ఇన్నేళ్ళూ నా పిల్లలకి కూడా అదే నేర్పించారా అని మాత్రం అడిగిందావిడ. తర్వాత ఆయన చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.

తిన్నగా కౌన్సిలు అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. ఆ అధ్యక్షుడూ ఈయన శిష్యుడే, ఎక్కాలు రాక మూడో తరగతి రెండుసార్లు చదివినవాడు. మాస్టారు చెప్పిందంతా విని, పకపకా నవ్వి, పాఠం మొదట్నించీ చివరిదాకా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చూశారా మాస్టారూ, మీరు మర్చిపోయారు గానీ నేను మర్చిపోలేదు అని, టీ తెప్పించాడు. రాయి చెక్కడం కూడా అయిపోయింది, రేపు పొద్దున్నే కొలతలు అన్నాడు. మాస్టారు ఆ టీ ముట్టుకోకుండానే లేచి వచ్చేశాడు.

ఇక మిగిలింది కత్తెరమ్మే. ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఆ వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తచ్చాడి, మూడోసారికి సిగ్గు చంపుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ గబుక్కున లేచి, గిరాకీలు కూర్చునే బెంచీని కొంగుతో తుడిచింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, ఆ పాఠం అబద్ధం. ఇక్కడ ఏ బావీ లేదు. నేనే కల్పించి రాశాను."

ఆవిడ కొంగు వదిలేసి ఆయన వైపు తిరిగింది.

"అయితే మొదటి బావి వాగు అవతలదేనా?"

"నీకెలా తెలుసు?"

"నేను చెప్పాను కదా మాస్టారూ, మూడో తరగతిలో. మా తాతా, వాళ్ళ నాన్నా కలిసి తవ్విన బావి అదేనన్నాను. మీరు నన్ను బెంచీ ఎక్కించారు. సాయంత్రం గంట కొట్టేదాకా."

మాస్టారు తలుపు రెక్క పట్టుకున్నాడు. ఆ పిల్ల. రెండు జడలు, చేతులు కట్టుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డ పిల్ల. ఇన్నేళ్ళూ ఆ పిల్ల కుట్టిన చొక్కాలే తొడుక్కు తిరిగాడు ఈ పెద్దమనిషి.

"బెంచీ ఎక్కినందుకు బాధేం లేదు," అంది కత్తెరమ్మ. గొంతు పెంచలేదు. "ఇంటికెళ్ళి మా తాతని అబద్ధాలకోరన్నాను. పుస్తకంలో అలా లేదన్నాను. పుస్తకంలో లేకపోతే లేదులేవే అని నవ్వాడు. మళ్ళీ ఎప్పుడూ బావి మాటెత్తలేదు. పోయేరోజున మాత్రం, మొదటి బావి నీళ్ళు ఒక్క గుక్క తెచ్చిపెట్టమన్నాడు. అది పూడిపోయింది కదా తాతా, చదువుకోలేదా అన్నాను. కుండలో నీళ్ళు పోశాను. అవే తాగి పోయాడు."

తన అబద్ధం వల్ల కొట్టు పోతోందని చెప్పడానికి వచ్చాడాయన. పోవలసింది ఎప్పుడో పోయిందని తెలుసుకున్నాడు. క్షమించమ్మా అందామని నోరు తెరిచాడు గానీ, ఆ మాట ఎంత చవకగా ఉందో తనకే తెలిసి మూసుకున్నాడు.

"పొద్దున్న వాళ్ళొస్తారు," అంది ఆవిడ మిషను దగ్గర కూర్చుంటూ. "నాకు చెప్పింది వాళ్ళకి చెప్పండి."

పొద్దున్నే అధ్యక్షుడు టేపు పట్టుకుని వచ్చాడు, వెంట పాతికమంది. మాస్టారు అప్పటికే అక్కడున్నాడు. బావి సంగతి చెప్పాడు. పెద్దవారయ్యారు, ఎండలో నిలబడకండి మాస్టారూ అన్నారెవరో. ఇంకొకడు సరదాకి "పూర్వం ఒక వర్తకుడు" అని మొదలెట్టాడు. అంతే, పాతికమందీ అందుకున్నారు. అదే రాగం, అదే ఊపు. తన అబద్ధం తన మొహాన్నే అంతమంది కలిసి పాడుతుంటే ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది. మాస్టారి గొంతు ఆ గోలలో ఎవరికీ వినబడలేదు.

అప్పుడాయన కొట్టు ముందున్న బెంచీ లాక్కుని, గోడ ఆసరాగా పట్టుకుని, దాని మీదికెక్కి నిలబడ్డాడు.

పాట సగంలో తెగిపోయింది. ఆ ఊళ్ళో బెంచీ ఎక్కడమంటే ఏమిటో తెలియనివాడు లేడు.

"తప్పు చేసింది నేను," అన్నాడు మాస్టారు. "బురదలో బూట్లు పాడవుతాయని వాగు దాటలేదు. ఇంట్లో కూర్చుని అబద్ధం రాశాను. నిజం చెప్పిన పిల్లని శిక్షించాను. మొదటి బావి వాగు అవతలుంది. తవ్వింది ఈవిడ తాతా, ఆయన తండ్రీ."

అధ్యక్షుడు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వాగు అవతలికి మనిషిని పంపి చూద్దాం, ఈ కొట్టు జోలికి రాంలెండి అని గొణిగాడు. తర్వాత దగ్గరికొచ్చి చెయ్యి అందించాడు.

"దిగండి మాస్టారూ."

"దిగమనాల్సింది నువ్వు కాదురా," అన్నాడు ఆయన.

అందరూ కత్తెరమ్మ వైపు తిరిగారు. ఆవిడ గుమ్మంలోంచి ఆయన్ని చూసింది, తలెత్తి, బెంచీ మీదున్న మనిషిని ఎలా చూడాలో అలాగే. కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుని మిషను ముందు కూర్చుంది. సగం కుట్టిన చొక్కా చెయ్యి సూది కిందికి జరిపింది.

"ఇంకా గంట కొట్టలేదు మాస్టారూ," అంది.

"అవునమ్మా," అన్నాడు మాస్టారు. గోడ మీంచి చెయ్యి తీసేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.