ఆరని పడుగు

కుంచె సగం దూరం కూడా పోలేదు, విశాల్ వచ్చి పడుగు తీసెయ్యమన్నాడు.

మగ్గానికి ఎక్కాల్సిన నలభై గజాల నిలువు పోగుల పడుగు. పొద్దున్నే గంజి పట్టించి, పాత రైలు వంతెన నీడలో ఈ కొస స్తంభం నుంచి ఆ కొస స్తంభం దాకా నడుమెత్తున సాగదీసి కట్టారు. ఒక అంచున దత్తాత్రి, ఎదుటి అంచున అతని భార్య బాలమణి. ఇద్దరి మధ్య పొడుగాటి కుంచె. పోగు పోగూ విడిపడి ఆరేదాకా దువ్వుతూ నడవాల్సిందే. ఎండలో పరిస్తే గంజి పెళుసెక్కి పోగులు తెగుతాయి. మధ్యలో ఆపితే అతుక్కుపోతాయి. సోలాపూర్ ఎండల్లో ఇంత పొడుగు నీడ దాజీ పేట్ మగ్గాలకు ఈ రాతి వంతెన ఒక్కటే ఇచ్చింది. దత్తాత్రి తాత రాళ్ళ సందుల్లో దిగ్గొట్టిన ఇనుప కొక్కేలకే ఇవాళ్టికీ పడుగు కడుతున్నారు.

రైళ్ళు ఆగిపోయి ఏళ్ళయింది. ఇప్పుడది వారసత్వ కట్టడం. నడిమి స్తంభానికి నల్లరాతి పలక బిగించి, పరదా కప్పి, బంతిపూలు చుట్టారు. ఇనుము తుప్పు పట్టి రాయి పగులుతుందట, కొక్కేలు పీకెయ్యాలని కాగితం వచ్చింది. రాయి పగిలితే అడగడానికి చట్టం ఉంది. నేతగాడి నడుము విరిగితే అడిగే కాగితం ఏ ఆఫీసులోనూ పుట్టలేదు.

విశాల్ పరాయివాడు కాదు. దాజీ పేట్ నేతగాడి కొడుకే. వంతెన శుభ్రం చేసే కాంట్రాక్టు పట్టాడు. పలక మీది పరదా తియ్యడానికి పెద్దాఫీసరు సాయెబ్ బయల్దేరాడనీ, పడుగు దారికి అడ్డమనీ చెప్పాడు.

"చుట్టి పక్కకు పెట్టు మామా, లవ్కర్, జల్ది. గంటైనంక మల్ల పర్సుకో."

బాలమణి నవ్వింది. అది మంచి నవ్వు కాదు.

"తడి పడుగు చుట్టుమంటున్నవా? మీ నాయిన ఉంటే నీ మొఖం గంజి కుండల ముంచుతుండె."

దత్తాత్రి ఇదివరకు రెండుసార్లు తీశాడు. కొలతలవాళ్ళు వచ్చినప్పుడొకసారి, ఫోటోలవాళ్ళు వచ్చినప్పుడొకసారి. రెండో పడుగు అట్టకట్టింది. నూలు సావుకారుది. చీరకు ఏడు వందల కూలి పారేసే ఆ మనిషి, ఇంకొకటి చెడితే మళ్ళీ నూలు కోసం రావద్దన్నాడు. మగ్గం ఖాళీ అయితే యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి ఏ పవర్‌లూమ్ పిలుస్తుంది?

విశాల్ మేస్త్రీని కేకేశాడు. మేస్త్రీ వచ్చి కొక్కెం పక్క సందులో ఉలి ఆనించాడు. కొక్కెం ఊడితే పడుగంతా దుమ్ములో పడుతుంది.

దత్తాత్రి కుంచె ఆపకుండానే మాట్లాడాడు.

"ఆరినంక నేనే తీస్త. ఆరెదాంక తియ్య."

"నా బిల్లు ఆగుతది మామా."

"ఆగనియ్."

"సాయెబ్ అవుతలికి ఎట్ల వోవాలె?"

"వంగి పొమ్మను," అంది బాలమణి.

అంతలో కారు ఆగింది. తెల్లచొక్కా పెద్దమనిషి పడుగు దాకా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, సరిగ్గా బాలమణి నడిచే అంచులోనే నిలబడ్డాడు. విశాల్ కొట్టమని సైగ చేశాడు. మేస్త్రీ సుత్తి ఎత్తాడు గానీ, దత్తాత్రి మొహం చూస్తూ అట్లాగే ఉండిపోయాడు.

కుంచె వస్తోంది. గంజి చుక్కలు నేల మీద రాలుతున్నాయి. పదడుగులు. అయిదడుగులు.

"బాజుకు జరుగు సాయెబ్," అంది బాలమణి, నడక ఆపకుండా.