ముప్పై బారల వైరు

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ పేచీ ఉండదు. తాపీ పట్టిన ఇరవై ఏళ్ళలో నలుగురు మేస్త్రీలతో తగాదా పడి, చివరికి పంతం కొద్దీ నేనే మేస్త్రీనయ్యాను. ఉయ్యూరు దగ్గర ఒక ఊళ్ళో సిస్టర్లు కట్టిస్తున్న పురుళ్ళ ఆసుపత్రి నా మొదటి సొంత పని. గోడలు లేచాయి, సెంట్రింగు అయింది, చువ్వలు కట్టడం కూడా అయిపోయింది. ఇక శ్లాబు వెయ్యాలి. అది డెబ్బై ఆరు, మే నెల. వానలు పడేలోపు వెయ్యకపోతే నా మేస్త్రీతనం అక్కడితో సరి.

కాంక్రీటు మోసేది ఆడవాళ్ళు, పధ్నాలుగు మంది. వాళ్ళకు పెద్ద మా ఆవిడ అమలమ్మ. ఆవిడ రమ్మంటే అందరూ వస్తారు, వద్దంటే మా గుణదలలో ఒక్కరు కూడా బస్సెక్కరు. ఆవిడ వద్దనే అంటోంది.

తప్పు నాది. అంతకు ముందు ఏడాది గన్నవరం రోడ్డులో ఇంకో మేస్త్రీ కింద పనిచేస్తున్నప్పుడు, కాంక్రీటులోకి దించి కుదిపే వైబ్రేటరుకు వైరు చాలలేదు. ఇళ్ళలో దీపాలకు వాడే సన్న వైరు ముక్క ఒకటి అతికి నల్ల టేపు చుట్టింది నేనే. ఆ అతుకు తడి కాంక్రీటులో పడింది. నెత్తిన కాంక్రీటు గమేళాతో వచ్చిన అమలమ్మ దానిమీద కాలు వేసి, పడబోతూ కుడిచేత్తో చువ్వ పట్టుకుంది. దేవుడి దయ వల్ల బతికింది గాని, కుడిచేతి రెండు వేళ్ళకు ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. అన్నం కలిపేటప్పుడు ఆ రెండూ పక్కకు నిలబడిపోతాయి. నేను చూడలేక ఏదో ఒక సాకు చెప్పి లేచిపోతాను.

ఈసారి వైబ్రేటరు లేకుండా శ్లాబు వెయ్యడానికి వీల్లేదని సిస్టర్ల ఇంజనీరు ఖాయంగా చెప్పేశాడు. పక్కనున్న బసవయ్య గారి రైసు మిల్లు నుంచి కరెంటు తీసుకోవాలి. అమలమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఒక్క మాట అంది.

"అతుకున్న వైరు ఉన్నచోట నేను కాలు పెట్టను, నా వాళ్ళని పెట్టనియ్యను. అతుకు లేకపోయినా నేను మాత్రం పైకెక్కను. కింద మిక్సరు కాడ ఉంటా. ఇష్టమైతే చెప్పు."

ఇష్టం కాక చేసేదేముంది. వైరు కొనడానికి నేనొక్కణ్ణే పోతానంటే ఆవిడ చెప్పులేసుకుని ముందే వీధిలో నిలబడింది.

బెజవాడ గవర్నరుపేటలో వెంకటకృష్ణారావు గారి కొట్టు. నెమ్మదైన మనిషి. పొడుగెంత అని అడిగాడు. మిల్లులో ప్లగ్గు దగ్గర నుంచి శ్లాబు చివరి మూల దాకా, పైకెక్కే ఎత్తుతో సహా ముప్పై బారలని చెప్పాను. తాడు కొలిచినట్టు చేతులు చాచి నేనే స్వయంగా కొలిచాను మరి. ఆయన మూడు రకాల చుట్టలు తెచ్చి బల్లమీద పెట్టాడు.

మొదటిది రెండు తీగల సన్నది. రెండోది కాస్త లావు, పైన ప్లాస్టిక్కు. మూడోది నల్ల రబ్బరుది, నా బొటనవేలంత ఉంది. దాని చీటీ మీద 40/76 అని ఉంది. నాకు అంకెలు బాగానే వచ్చు కాబట్టి కొంచెం గొంతు పెంచి, డెబ్బై ఆరు అంటే ఈ సంవత్సరం సరుకే, పాతది అంటగట్టకుండా మంచిపని చేశారు అన్నాను. కొట్లో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. కృష్ణారావు గారు నవ్వకుండా, నలభై అంటే లోపల ఒక్కో తీగలో ఉండే రాగి పోగులని, డెబ్బై ఆరు ఆ పోగు మందమని, కంపెనీ ఏ సంవత్సరం చేసినా అది డెబ్బై ఆరేనని వివరించాడు. అమలమ్మ పమిట నోటికడ్డం పెట్టుకుంది. ఉయ్యూరు బస్సులో దారిపొడుగునా నువ్వు ఏ సంవత్సరం సరుకువని నన్ను అడుగుతూనే ఉంది.

కానీ కొట్లో మాత్రం ఆవిడ ఆటలాడలేదు. మూడు చుట్టల్నీ మంచి చేత్తో వంచి చూసింది. కింద పెట్టి మడమతో తొక్కింది. ప్లాస్టిక్కుది ఎండకు పగులుతుందా అని అడిగితే కొన్నాళ్ళకు పగులుతుందని ఆయన ఒప్పుకున్నాడు. పొడుగు పెరిగేకొద్దీ వైరు లావు పెరగాలట, సన్నదైతే వేడెక్కి మోటారు నీరసిస్తుందట. నాకు మధ్యది చాలనిపించింది. అప్పుడు ఆవిడ రబ్బరు వైరు కొస పట్టుకుని, దీపం రెండు తీగలతోనే వెలుగుతుంది కదా, ఇందులో మూడోది ఎందుకని అడిగింది.

"అది ఎర్తు తీగమ్మా. మిషను ఒంటికి కరెంటు ఎక్కిందనుకోండి, పట్టుకున్న మనిషిలోంచి కాకుండా ఈ తీగలోంచి నేలలోకి పోద్ది."

అమలమ్మ ఆ కొసను చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి ఇదే తీసుకో అంది. ఆ గొంతు విన్నాక నేను ధర కూడా అడగలేదు.

కొలిచేటప్పుడు వచ్చింది తంటా. ఎవరి బార వారిదే కదా, మా ఆయన చేతులతో కొలవనియ్యండి అని అమలమ్మ అంది. నేను ఆరడుగుల పైన మనిషిని, చేతులు అంతకంటే పొడుగు. అంత జనం మధ్య దిష్టిబొమ్మలా చేతులు చాచి నిలబడటం నాకు నామోషీ అనిపించింది. అందులోనూ డెబ్బై ఆరు సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. పెద్దకొట్టు వాళ్ళకు కొలత తెలియదా అని కసిరాను. ఆయన లెక్క ప్రకారం బారకు రెండు గజాలు, మొత్తం అరవై గజాలు, అంటే యాభై అయిదు మీటర్లు. కోసి చుట్ట కట్టి ఇచ్చాడు.

ఆ చుట్ట ముందురోజే విప్పి చూసుకుని ఉంటే బాగుండేది. కొత్త వస్తువు ఫాదరు గారు దీవించకుండా విప్పకూడదని నా పట్టు. శ్లాబు రోజు ఉదయం ఆయన వచ్చి ప్రార్థన చేసి, మిషను మీద, వైరు మీద తీర్థజలం చల్లారు. కరెంటు వస్తువులకు మొదటి మర్యాద నీళ్ళతోనా అని ఎలక్ట్రీషియను లాజరు గొణుక్కుంటూ తన తువ్వాలుతో అంతా తుడిచాడు. ఫాదరు గారు వెళ్ళాక వైరు విప్పుకుంటూ మిల్లు నుంచి శ్లాబు మీదికి వెళ్ళాను. చివరి మూలకు ఇంకా పదిహేను అడుగులుందనగా నా చేతిలో కొస వచ్చింది.

బారకు అర అడుగు తేడా. ముప్పై బారలకు పదిహేను అడుగులు. నా చేతులు నన్ను అంత మోసం చేస్తాయనుకోలేదు.

తొమ్మిదైంది. నాలుగింటికి మా లైనులో కరెంటు కోత. శ్లాబు మధ్యలో ఆపడానికి వీల్లేదు. బెజవాడ పోయి వచ్చే టైము లేదు. లాజరు సంచిలో వైరు ముక్కలున్నాయి, టేపు ఉంది. వైరు మొదట్లోనే, మిల్లు లోపలే అతికితే ఎవరికీ కనపడదని అతను మెల్లగా అన్నాడు. అక్కడ తడి కూడా లేదు. నిజమే. నాకూ అదే తోచింది. వద్దన్నానని మీతో గొప్పలు చెప్పను, చాకు అడిగి చేతిలోకి తీసుకున్నాను కూడా.

కింద మిక్సరు నీడలో ఆడవాళ్ళు కూర్చుని చుట్టకుదుళ్ళు సర్దుకుంటున్నారు. అమలమ్మ నావైపు చూడటం లేదు. ఎవరో అందించిన ఉల్లిపాయ తొక్క తీస్తోంది. ఆ రెండు వేళ్ళు పక్కకు నిలబడి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ వయసులో, పని మీద, అంతమంది ముందు ఏడుపు రావడం ఏమిటో. చాకు లాజరుకిచ్చేసి కిందికి దిగి వాళ్ళ ముందుకు వెళ్ళాను.

"కొలత తప్పింది. తప్పు నాది, కొట్టువాళ్ళది కాదు. పదిహేను అడుగులు తక్కువొచ్చింది. అతుకు మాత్రం వెయ్యను. ఇవాళ శ్లాబు పడకపోతే పోయింది, మీ కూలి మీకిచ్చేస్తా."

నా నోటినుంచి తప్పు నాదన్న మాట మా పెళ్ళయ్యాక ఆవిడ వినడం అదే మొదలు. ఉల్లిపాయ ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, మిల్లులో ఆ ప్లగ్గు ఎక్కడుంది అని లాజరును అడిగింది. లోపలి గోడకన్నాడు. బయటి గోడకు తెస్తే ఎంత కలిసొస్తుందంది. లాజరు నోరు తెరిచి, ఇరవై అడుగులు అన్నాడు. కాకపోతే బోర్డు మార్చడానికి మిల్లు గంటసేపు ఆపాలి.

బసవయ్య గారు మొదట ససేమిరా అన్నారు. బయట ధాన్యం బళ్ళు వరసలో ఉన్నాయి, ఆయన్నీ తప్పుపట్టలేం. నేనైతే అక్కడే మాటామాటా పెంచేవాణ్ణి. అమలమ్మ నన్ను పక్కకు నెట్టింది.

"బాబుగారూ, శ్రావణంలో మీ కోడలు పురుడు పోసుకునేది ఈ శ్లాబు కిందే. ఒక్క గంట."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మిల్లు కట్టెయ్యమని లోపలికి కేకేశారు.

లాజరు బోర్డును బయటి గోడకు బిగించి, దాన్నుంచి ఎర్తు తీగ నేలలోకి సరిగ్గా దిగిందో లేదో రెండుసార్లు చూసేసరికి పదిన్నర. వైరు శ్లాబు చివరి మూల దాటి అయిదడుగులు మిగిలింది. మిక్సరు తిరిగింది. పైకెక్కి వైబ్రేటరు నేనే పట్టుకున్నాను, ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. ఆడవాళ్ళు నిచ్చెన మొదట్లో వరసకట్టి ఆగిపోయారు. ఎవరూ మొదటి మెట్టు ఎక్కడం లేదు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

అప్పుడు వెనకనుంచి అమలమ్మ వచ్చింది. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, గమేళా ఎత్తించుకుని నిచ్చెన ఎక్కింది. ఒక్కో మెట్టు మీదా ఆగి ఊపిరి పీల్చుకుంది. పైకొచ్చి చువ్వల మీద ఉత్తకాళ్ళతో వైరును దాటి నా పక్కకొచ్చి గమేళా దించింది. మిషను ఇంకా వెయ్యలేదు. స్విచ్చి మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను. ఆవిడ పాదాలు తప్ప నాకేమీ కనపడటం లేదు.

"నా కాళ్ళెందుకు చూస్తావ్?" అంది అమలమ్మ. "నేనిక్కడే నిలబడతా. నువ్వు స్విచ్చెయ్యి."