ఏడు-ఏ గది మీటరు

త్రికోటేశ్వరరావు ఏడో గది తలుపు పక్కన స్టూలెక్కి, చల్లదనం కొలిచే మీటరు తీగను మళ్ళీ తడుముతున్నాడు. ఎక్కడా తెగలేదు, ఎలుక కొరకలేదు. తెగి ఉంటేనే బాగుండేది, మనసులో పురుగు ఇంతగా తొలిచేది కాదు.

నకరికల్లు దగ్గరి ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో చాలాకాలంగా అతనే ఎలక్ట్రీషియను. పొట్టి మనిషి, చొక్కా జేబులో టెస్టరు, వేళ్ళకెప్పుడూ టేపు జిగురు. ఇంట్లో పాలు పలచబడితే నీళ్ళు కలిపింది పాలామో, భార్య సుబ్బమ్మో తేలేదాకా నిద్రపట్టని రకం.

గదుల చల్లదనం ఆఫీసు కంప్యూటరులో కనపడేలా, ఈమధ్యే గది నుంచి గదికి ఒకే తీగ లాగి, ఒక్కో మీటరుకు ఒక్కో నంబరు పెట్టిందీ అతనే. కంప్యూటరు నంబరుతో పిలుస్తుంది, ఆ నంబరు మీటరు బదులిస్తుంది. అన్నీ బదులిచ్చాయి, ఏడూ, ఏడు-ఏ తప్ప. యజమాని చెన్నకేశవరావుకు ఎనిమిది గిట్టదు, అందుకని ఎనిమిదో గదికి మొదటినుంచీ ఏడు-ఏ అనే పేరు.

"గది వెచ్చబడితే రైతుల కాయ రంగు పోద్ది. తప్పు తీగదో కంప్యూటరుదో తేల్చండి. సాయంత్రానికి మీ ఇద్దరిలో ఒకడే ఉంటాడు," అన్నాడాయన పొద్దున్నే.

కంప్యూటరు చూసేది సుధీర్ బాబు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడతాడు. ఊరికే నవ్వేవాడు ఏదో దాస్తున్నట్టే లెక్క అని త్రికోటేశ్వరరావు నమ్మకం. మధ్యాహ్నం నేరుగా యజమాని దగ్గరికే వెళ్ళాడు.

"నా తీగ శుభ్రంగా ఉందండి. కంప్యూటరు గది తాళం సుధీర్ దగ్గరేగా ఉండేది. ఏం కెలికాడో ఏందో."

కాసేపటికి, పని పోయిన సుధీర్ సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

"ఏంది బాబాయ్, నేనే కెలికానని నిజంగా అనుకున్నావా?"

త్రికోటేశ్వరరావు టెస్టరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నరసరావుపేట బస్సొచ్చింది. సుధీర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు త్రికోటేశ్వరరావు. ఊరికే ఉంటే బాగుండదని, కొత్తది బిగించడానికి ఏడు-ఏ మీటరు ఊడదీసి ఆఫీసులోకి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ పలకని ఏడో గది తెర మీద చక్కగా పలుకుతోంది.

చేతిలోని ఏడు-ఏ మీటరు వంక చూశాడు. మీటరులో నంబరే గాని 'ఏ' అక్షరం పడదు, ఎనిమిది పెడితే యజమాని ఊరుకోడు. అందుకని దానికీ ఏడే పెట్టింది తానే. ఒక్క పిలుపుకు రెండు మీటర్లూ ఒకేసారి బదులిచ్చి, ఒకదాని మాట ఒకటి చెరుపుకున్నాయి.

ఫోను తీశాడు. యజమానికి చెబితే తన పని పోతుంది. సుధీర్‌కు చెప్పడానికి మొహం లేదు. ఫోను మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

సుధీర్ బల్ల మీద సాసరుతో మూసిన టీ గ్లాసొకటి ఉంది. ఎవరిదోనని, అలవాటుకొద్దీ, ఒక చుక్క నాలుక మీద వేసుకు చూశాడు. చక్కెర లేదు. ఈ ఆఫీసులో చక్కెర లేని టీ తాగేది తనొక్కడే. సుధీర్ బాబాయ్ కోసమని పోయించి మూతపెట్టిన ఆ టీ చల్లారి, పైన తొరక కట్టి ఉంది.