దొరసాని నోరు

దొరసాని ముసలి తెల్ల గుర్రం. ఒకప్పుడు మామగారిని వీపున మోసి పందేలు గెలిచింది. ఇప్పుడు దాని పక్కటెముకలు బయటికి తేలాయి. "వయసైపోయిందిలే" అంటూ ఆయన రోజూ దాని మెడ నిమురుతూ దిగులుపడేవారు.

ఆయన కోడలు గుర్రాల పళ్ళ డాక్టరు. పెళ్ళై ఆ ఇంటికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఆ ఉదయం తొట్టి కింద తడితడిగా గడ్డి ఉండలు కనిపించేసరికి గబుక్కున వంగి ఒకటి చేతిలోకి తీసుకుంది.

"మామయ్యా! ఇది వయసు వల్ల కాదు, నమల్లేక ఉమ్మేస్తోంది! ఒక్కసారి నోరు చూడనివ్వండి."

"వద్దమ్మాయ్. ఈ వయసులో మత్తిస్తే మళ్ళీ లేస్తుందా?"

"పడుకోబెట్టను. నిలబడే ఉంటుంది. గుండె చూశాకే మందిస్తాను. తల మీరే పట్టుకోండి."

ఆయన చివరికి తలూపారు.

మందు ఎక్కాక దొరసాని తల బరువుగా ఆయన భుజం మీద వాలింది. కోడలు దాని దవడలకు ఇనుప చట్రం బిగించి నోరు తెరిచింది. నుదుటి దీపం వెలిగించగానే గుప్పున వాసన కొట్టింది. అయినా ఆమె మొహం వెలిగిపోయింది.

"దొరికింది! ఇటు తొంగి చూడండి!"

పై పళ్ళ అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గ లోపల కోసేశాయి. వెనక ఒక పన్ను ఊగుతోంది. దాని పక్క సందులో గడ్డి ఇరుక్కుని కుళ్ళిపోయింది.

"ఇంత నొప్పి పెట్టుకుని..." మామగారు దాని నుదురు నిమిరారు. "నాకెందుకు తెలీలేదే?"

"గుర్రాలు నొప్పిని బయటపెట్టవు మామయ్యా. వీటి పళ్ళు ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి. ఎగుడుదిగుడుగా అరిగితే ఇదిగో, ఇలా. పిల్లగా ఉన్నప్పట్నుంచి ఏటేటా చూపిస్తుండాలి."

చిగుళ్ళకి సూదిమందిచ్చి, పొడవాటి పటకారుతో పన్ను పట్టుకుని మెల్లగా కదిపింది. చెమట కారుతున్నా పట్టు వదల్లేదు. ఉన్నట్టుండి పన్ను ఊడి చేతికొచ్చింది!

"వచ్చేసింది!" ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ అరుపుకి ఇంట్లోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చారు.

ఆకురాయితో అంచులు సాపు చేసి, నోరు కడిగాక అసలు పరీక్ష మొదలైంది. మత్తు పూర్తిగా దిగేదాకా మేత పెట్టకూడదు. మామగారు కాలుగాలిన పిల్లిలా తొట్టి చుట్టూ తిరిగారు.

"ఇప్పుడు పెట్టనా?"

"ఇంకాసేపు."

"ఇప్పుడో?"

"మామయ్యా!"

ఎట్టకేలకు ఆమె సరేనంది. నానబెట్టిన దాణా పెట్టగానే దొరసాని మూతి ముంచింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. దవడ అటూ ఇటూ తిరిగింది. ఒక్క ఉండ కూడా కింద పడలేదు. తొట్టి అడుగు నాకేసి, ఇంకా కావాలన్నట్టు మూతితో మామగారి ఛాతీ మీద ఒక్క తోపు తోసింది. ఆయన వెల్లకిలా గడ్డిమోపు మీద పడి పకపకా నవ్వారు.

"అమ్మాయ్, మన గోధుమరంగు గుర్రప్పిల్ల కళ్ళెం వేస్తే తల విదిలిస్తోంది. దాని నోరు కూడా చూస్తావా?"

"ముందు మీరు లేవండి మామయ్యా," అంటూ ఆమె చెయ్యందించింది. ఆయన లేచి ఒంటికంటిన గడ్డైనా దులుపుకోకుండా ఆ పిల్లని తీసుకురావడానికి పరుగందుకున్నారు.