నీళ్ళు రావన్న నోటీసు

లైబ్రరీ మేడమీద పాత పత్రికల కట్టలు పెట్టే గది ఒకటి ఉండేది. ఆ గదిని ఖాళీ చేయించి, ఎవరో వద్దనుకున్న కంప్యూటర్లను బాగుచేయించి, ఆదివారాలు అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పేది ఒకావిడ. మిగతా వారమంతా ఆమె ఒక కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసేది. పిల్లలు ఆమెను కంప్యూటరక్క అని పిలిచేవారు.

కంప్యూటరక్క వచ్చీరాగానే కోడింగు మొదలుపెట్టలేదు. ఏదైనా పేజీ తెరిస్తే ముందు పైనున్న అడ్రసు చదవమనేది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఇదే సంగతి ఇంకెవరైనా చెబుతున్నారా అని వెతికించేది. ఆటలు తయారుచేయడం నేర్పుతారని ఆశపడి వచ్చినవాళ్ళకు ఇదంతా చాదస్తంగా తోచింది. కొందరు మెల్లగా జారుకున్నారు.

జారుకోనివాళ్ళలో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉంది. కుదురుగా ఒకచోట కూర్చోలేదని ఇంట్లో పిచ్చుక అనేవారు. క్లాసులోనూ అదే పేరు స్థిరపడిపోయింది. తండ్రి ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మిషన్లు నడిపేది. తండ్రి చెల్లెలు కూడా వాళ్ళతోనే ఉండేది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, వీధంతటికీ బట్టలు కుట్టిపెట్టేది. కుట్టేది చేతులతోనే అయినా ఆ మేనత్త నోటికీ ఎప్పుడూ పనే. ఈ మధ్య ఫోను వచ్చాక ఆ పని వేళ్ళకు కూడా పాకింది. తనకు వచ్చినదల్లా పదిమందికి పంపకపోతే ఆమెకు తోచేది కాదు.

పేజీలు రాయడం కాస్త చేతికొచ్చాక కంప్యూటరక్క ఒక పని ఇచ్చింది. ఒక్కొక్కరూ ఒక అబద్ధపు పేజీ తయారుచేయాలి. చూడగానే నిజమనిపించాలి, కానీ జాగ్రత్తగా చదివితే దొరికిపోయే తప్పు ఒకటి అందులో ఉండాలి. మిగతావాళ్ళు ఆ తప్పు పట్టుకోవాలి. ఎంత తేలిగ్గా అబద్ధం తయారవుతుందో సొంత చేతులతో చేస్తేనే తెలుస్తుందని ఆమె ఉద్దేశం. ఈ పేజీలు గది దాటి పోకూడదని కూడా చెప్పింది. అయితే ఆ మాట ఒక్కసారే చెప్పింది, అదీ క్లాసు అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటున్నప్పుడు.

పిచ్చుక నీళ్ళ శాఖ నోటీసు తయారుచేసింది. తండ్రి బల్లమీద చిన్నప్పటి నుంచీ అలాంటి కాగితాలు చూస్తూ పెరిగింది కాబట్టి ఆ భాష ఆమెకు కంఠతా వచ్చు. ప్రధాన గొట్టం మరమ్మతుల కారణంగా బుధ, గురువారాల్లో నీటి సరఫరా నిలిపివేయబడును, వినియోగదారులు సహకరించవలెను అని రాసి, కింద ఇంజనీరు సంతకంలా ఒక గీత గీసింది. ముప్ఫై రోజుల నెలకు ముప్ఫై ఒకటో తేదీ వేసింది. అదీ ఆమె దాచిన తప్పు. క్లాసులో దాన్ని పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కంప్యూటరక్క నవ్వి, నువ్వు ఆఫీసులో పుట్టావా ఏమిటి అని భుజం తట్టింది.

ఆ మెప్పుకు పిచ్చుక గాల్లో తేలిపోయింది. ఇంటికి రాగానే ఆ పేజీని ఫొటోగా మార్చి అత్తకు పంపింది. కిందనే, తప్పెక్కడుందో కనిపెట్టు అత్తా అని రాసింది. అత్త పక్కగదిలోనే ఉంది. కానీ వచ్చి చెబితే ఏం బావుంటుంది, తనంతట తనే పట్టుకుంటే కదా మజా అనుకుంది. తర్వాత స్నేహితురాలు ఫోను చేయడంతో ఆ సంగతే మరిచిపోయింది.

మంగళవారం బళ్ళో అన్నాల వేళ పక్కనున్న అమ్మాయి ఆవలిస్తూ, తెల్లారకముందే లేచి ఇంట్లో గిన్నెలన్నీ నీళ్ళతో నింపామని, ఆఖరికి చెల్లెలి బొమ్మల బకెట్టు కూడా వదల్లేదని చెప్పింది. ఎందుకని అడిగితే ఫోనులో నోటీసు చూపించింది. కింద ముప్ఫై ఒకటో తేదీ ఉంది.

పిచ్చుక అన్నం డబ్బాకు మూత పెట్టేసింది. సాయంత్రం బళ్ళోంచి పరుగున ఇంటికి వెళ్ళేసరికి మేనత్త మంచి ఉత్సాహంలో ఉంది. తను ముందే చెప్పబట్టి బట్టలు కుట్టించుకునేవాళ్ళంతా నీళ్ళు పట్టుకున్నారట. ట్యాంకు ఆయన చెల్లెలు చెప్పాక ఇంక అనుమానమేముంది అని ఒక్కొక్కరూ ఇంకో పదిమందికి పంపారట. పిచ్చుక పుస్తకాల సంచి అక్కడే పడేసి పంపు హౌసుకు వెళ్ళింది.

ట్యాంకు పక్కన చిన్న గది అది. లోపల మోటార్ల హోరు. ట్యాంకులో నీళ్ళు ఎంత మేరకు ఉన్నాయో చూపించే ముల్లు ఒకటి గోడమీద బోర్డులో ఉంటుంది. దాన్ని అంత కిందికి దిగి ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. పొద్దుటినుంచి రెండు మోటార్లూ నడుపుతున్నా నీళ్ళు ఎక్కడం లేదు. ఎక్కినవి ఎక్కినట్టే కుళాయిల్లోకి పోతున్నాయి. ఎత్తులో ఉన్న వీధులకు మధ్యాహ్నం నుంచే చుక్క రాలేదు. తండ్రి ఫోను మోగుతూనే ఉంది.

"నాన్నా, ఆ నోటీసు నేనే చేశాను."

ఆయన ముల్లు మీంచి చూపు తిప్పలేదు. "ఏ నోటీసు?"

"అందరి ఫోన్లలో తిరుగుతోందే, అది. క్లాసు కోసం చేశా. తప్పు కనిపెట్టమని అత్తకి పంపా. అత్త నిజమనుకుంది."

తిడతాడేమోనని ఆమె ఎదురుచూసింది. తిడితే బావుండునని కూడా అనిపించింది.

"నీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చూడాలి," అన్నాడు. "ట్యాంకు అడుగంటితే గొట్టాల్లోకి గాలి దూరుతుంది. అప్పుడు రెండు రోజులు కాదు, నాలుగు రోజులైనా రావు."

బయటికి వెళ్ళి, ఊళ్ళోకి నీళ్ళు వదిలే పెద్ద వాల్వు చక్రం రెండు చేతులతో పట్టుకుని మూసేవైపు తిప్పసాగాడు. బిగుసుకుపోయిన చక్రం కదలనని మొరాయిస్తూ కదిలింది. పిచ్చుక పక్కనే నిలబడి చూసింది. తను ఆడుతూ పాడుతూ రాసిన అబద్ధాన్ని తన తండ్రి చెమటోడ్చి నిజం చేస్తున్నాడు. ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి తనూ ఒక చెయ్యి వేసింది. ఆయన వద్దనలేదు.

ఆ సాయంత్రం తల్లి పని మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. మిషన్లలో దుప్పట్లన్నీ సబ్బు నురగతో అలాగే ఉండిపోయాయని, కాన్పుల వార్డు వాళ్ళు వచ్చి ఉతికినవి ఉన్నాయా అని అడిగితే ముఖం చాటేయాల్సి వచ్చిందని చెప్పింది. కూతురు చేసిన పని భర్త నోట విన్నాక కూడా గొంతు పెంచలేదు. పిచ్చుక అన్నం తినకుండా పడుకోబోతే మాత్రం, కంచం ముందు కూర్చోబెట్టి, తిన్నాక ఏం చేయాలో ఆలోచించమంది. తండ్రి అప్పటికే ఆసుపత్రికి ట్యాంకరు పంపే ఏర్పాటు చేశాడు.

కంప్యూటరక్కకు పిచ్చుకే ఫోను చేసి చెప్పింది. ఆమె మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే ఇంటికి వచ్చింది. అసలు సమస్య మేనత్త దగ్గర వచ్చింది. అది అబద్ధమంటే ఆమె ససేమిరా ఒప్పుకోలేదు.

"అబద్ధమెలా అవుతుందమ్మా? రావన్నారు, రాలేదు. కుళాయి తిప్పి చూడు కావలిస్తే."

కంప్యూటరక్క వాదించలేదు. ఆ ఫొటో ఎవరు పంపారో చూడమని, దాని కింద ఏముందో చదవమని నెమ్మదిగా అడిగింది. మేనత్త కళ్ళజోడు పెట్టుకుంది. మేనకోడలు రాసిన వాక్యాన్ని పెదాలు కదుపుతూ చదివింది. తర్వాత నోటీసు మొదటినుంచి చదివింది. తేదీ దగ్గర ఆగిపోయింది.

"ఈ నెలకి ముప్ఫై ఒకటి ఎక్కడిదే?" అంది మెల్లగా. "నువ్వు పంపావంటే మీ నాన్న దగ్గర్నుంచి వచ్చిందనుకున్నానే. బొమ్మ చూసి పంపేశాను."

అప్పటికే క్లాసు పిల్లలు కలిసి, ఆ నోటీసు అబద్ధమని పెద్ద అక్షరాలతో ఇంకో ఫొటో తయారుచేసి అందరికీ పంపారు. అది ఎక్కడివాళ్ళ దగ్గర అక్కడే ఆగిపోయింది. ఒకావిడ ఇదే అబద్ధమని, ముందు వచ్చినదే అసలుదని తిరిగి రాసింది. నీళ్ళు ఆగిన ఊళ్ళో నీళ్ళు ఆగలేదని చెబితే ఎవరు వింటారు?

ఎవరి మాట నమ్మి ఇది ఊరంతా తిరిగిందో వాళ్ళ మాటతోనే వెనక్కి తేవాలంది కంప్యూటరక్క. మేనత్త ముఖం చిన్నబుచ్చుకుంది. తను పొరపడ్డానని తన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళతో చెప్పుకోవడం కన్నా పెద్ద శిక్ష ఆమెకు లేదు. అయినా కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి ఫోను అందుకుంది. సందేశాలు పెట్టలేదు, ఒక్కొక్కరికీ ఫోను చేసి మాట్లాడింది. నాది తొందరపాటు, నువ్వు ఎవరెవరికి పంపావో వాళ్ళకి నువ్వు చెప్పాలి అని ప్రతి ఒక్కరి దగ్గరా మాట తీసుకుంది. ఎదుటివాళ్ళు నవ్వితే తనూ నవ్వింది. ఒకరిద్దరు కసిరినప్పుడు మాత్రం గొంతు తడుపుకోవడానికి లేచింది. కుండలో నీళ్ళు అడుగున ఉన్నాయి. మనసొప్పక మళ్ళీ కూర్చుంది.

తండ్రిచేత కూడా నాలుగు మాటలు రికార్డు చేయించాలన్నది పిచ్చుక ఆలోచన. నీళ్ళు రానప్పుడల్లా ఊరివాళ్ళు ఫోను చేసేది ఆయనకే కాబట్టి ఆ గొంతు తెలియనివాళ్ళు తక్కువ. ఆయన మొదట మొహమాటపడ్డాడు. తర్వాత మోటారు పక్కనే నిలబడి, కూతురి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "నేను ట్యాంకు దగ్గర్నుంచి మాట్లాడుతున్నాను. నీళ్ళు ఆపమని పైనుంచి ఎవరూ చెప్పలేదు. అందరూ ఒక్కసారే పట్టేసరికి ట్యాంకు ఖాళీ అయింది. సాయంత్రానికి నిండుతుంది, వదులుతాను. వాడుకోవడానికి ఎంత కావాలో అంతే పట్టుకోండి," అన్నాడు. వెనక మోటారు హోరు కూడా అందులో పడింది. తీసేద్దామా అని పిచ్చుక అడిగితే కంప్యూటరక్క ఉండనీమంది.

ఆ మాటలు ఫోనునుంచి ఫోనుకు సాగాయి. అందరూ నమ్మారని చెప్పలేం. సాయంత్రం నీళ్ళు వదిలినప్పుడు కొన్నిచోట్ల మళ్ళీ బిందెలు బారులు తీరాయట. కానీ ముల్లు కాస్త దిగి, ఒకచోట నిలబడింది. దాన్ని చూస్తూ తండ్రీ కూతుళ్ళు చీకటిపడేదాకా కూర్చున్నారు.

గురువారం నీళ్ళ శాఖ ఇంజనీరు తండ్రినీ, కూతురినీ, కంప్యూటరక్కనూ ఆఫీసుకు పిలిపించాడు. తన సంతకంలా గీసిన గీతను చూసి ఆయన బాగా నొచ్చుకున్నాడు. పోలీసులకు చెప్పాల్సిన విషయమన్నాడు. ఆ పని ఇచ్చింది తనేనని, బాధ్యత తనదేనని కంప్యూటరక్క ముందుకు వచ్చింది.

"పాఠం అక్కదే సార్. బయటికి పంపింది నేను," అంది పిచ్చుక.

ఇంజనీరు ఆమెను కాసేపు చూసి కూర్చోమన్నాడు. జనంలో ఒక్కరైనా ఆఫీసును అడిగి ఉండొచ్చు కదా అని విసుక్కున్నాడు. ఎక్కడ చూసుకోవాలి సార్ అని కంప్యూటరక్క వినయంగానే అడిగింది. నీళ్ళ శాఖకు ఒక వెబ్‌సైటు ఉంది. అందులో ఇంకా పాత ఇంజనీరు ఫొటోనే ఉంది. ఆ సంగతి అందరికన్నా ఈ ఇంజనీరుకే బాగా తెలుసు. పోలీసుల మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ పిచ్చుక తండ్రిచేత సంజాయిషీ రాయించుకున్నాడు. లైబ్రరీ వాళ్ళతో చెప్పి ఆ నెలంతా క్లాసు మూయించాడు.

క్లాసు మళ్ళీ తెరిచాక కొన్ని మార్పులు వచ్చాయి. ఉత్తుత్తి పేజీ ఏది చేసినా దాని మీద అడ్డంగా, పాఠం కోసం అని పెద్దగా రాయాలి. గది దాటకూడదన్న మాట కంప్యూటరక్క మొదట్లోనే చెప్పేది, చివర్లో మళ్ళీ చెప్పేది. పిచ్చుక మాత్రం వెళ్ళనని మొండికేసింది. అందరూ నన్నే చూస్తారంది. చూడనీ, నన్ను చూడటంలేదూ, అయినా బట్టలు కుట్టడం మానేశానా అని మేనత్త చెయ్యి పట్టుకుని లైబ్రరీ మెట్ల దాకా తీసుకెళ్ళి వదిలింది.

ట్యాంకులో రోజూ ఎంత నీరుందో చూపించే పేజీ తయారుచేద్దామన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఎవరు ముందన్నారో ఎవరికీ గుర్తులేదు. అనుమతి కోసం వెళితే ఇంజనీరు పెదవి విరిచాడు. చివరికి లెక్క ఆపరేటరే ఇవ్వాలని, ఆ అంకెను మరెవరూ మార్చకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నాడు. పిచ్చుకకు అందులో పెద్ద తిప్పలు వచ్చిపడ్డాయి. మట్టం తగ్గితే అంకె ఎర్రగా మారాలి. ఆమె రాసిన కోడుతో అది ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఎర్రబడేది. రెండు అంకెల్లో ఏది ఎక్కువో, ఏది తక్కువో చెప్పే గుర్తు ఎటు తిప్పి రాయాలో తెలుసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

పేజీ మొదలైంది. ఉదయం పిచ్చుక బడికి వెళ్ళేముందు తండ్రి ఫోనులో అంకె చెప్పేవాడు, ఆమె ఎక్కించేది. చూసేవాళ్ళెవరూ ఉన్నట్టు లేరు. మేనత్త ఒకతే రోజూ తెరిచి, ఇవాళ బాగానే ఉన్నాయే అనేది.

పరీక్షల రోజుల్లో ఒక ఉదయం పిచ్చుక హడావిడిలో లెక్క ఎక్కించకుండానే వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే పేజీ కింద చూసేవాళ్ళు రాయడానికి ఉంచిన పెట్టెలో ఎవరో రాసిన మాటలు కనిపించాయి. ఎత్తులో ఉన్న వీధి ఆవిడట. "నిన్నటి అంకే ఉంది. ఇవాళ్టిది ఎందుకు పెట్టలేదు? నేను రోజూ ఇది చూశాకే బట్టలు నానబెడతాను," అని కాస్త కోపంగానే రాసింది.

పిచ్చుక దాన్ని రెండోసారి చదివింది. వెంటనే తండ్రికి ఫోను చేసింది. ఆయన ముల్లు చూసి అంకె చెప్పాడు. ఆమె ఎక్కించి, పేజీ తెరిచి సరిచూసుకుని, పరీక్ష వల్ల ఆలస్యమైంది, క్షమించండి అని ఆవిడకు జవాబు రాసింది.

కాసేపటికి ఆవిడ మళ్ళీ రాసింది. పరీక్ష బాగా రాశావా అని అడిగి, అది సరేగానీ రేపు మా వీధికి ఎన్నింటికి వదులుతారో కూడా ఇందులో పెట్టకూడదా అంది. పిచ్చుకకు ఆ సంగతి తెలియదు. చెప్పులు వేసుకుని, తండ్రిని అడగడానికి ట్యాంకు వైపు బయల్దేరింది.